హైదరాబాద్‌లో గైడుగా మాట్లాడటం: సందర్శకులు చివరిదాకా వినాలంటే ఎలా చెప్పాలి?

కొత్త గైడు, నారాయణగూడ:
సభ్యులందరికీ నమస్కారం. శిక్షణ పూర్తి చేసుకుని ఈ మధ్యనే గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియంలకు బృందాలను తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను. చరిత్ర చదివాను, సంవత్సరాలు నోటికి వచ్చు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ మాట్లాడగలను. అయినా మాట మొదలుపెట్టిన కాసేపటికే సగం మంది ఫోటోల కోసం పక్కకు జరిగిపోతున్నారు, మిగిలిన సగం మర్యాద కోసం నిలబడుతున్నారు. ఎక్కడ నిలబడి చెప్పాలి, దేని తరువాత దేన్ని చెప్పాలి, రెండు మూడు భాషల వాళ్ళు కలిసి వస్తే ఏం చేయాలి, రోజంతా మాట్లాడినా గొంతు పోకుండా ఎలా చూసుకోవాలి? అనుభవం ఉన్నవారు తమ పద్ధతులు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

గోల్కొండ మెట్లదారి:
మీరు చెప్పిన ఇబ్బంది చాలావరకు నిలబడే చోటు నుంచే పుడుతుందని నేను అనుకుంటాను. గోల్కొండలో టికెట్ చూపించి లోపలికి రాగానే గుమ్మటం కింద బృందాన్ని ఆపి, 1518లో కుతుబ్‌షాహీల పాలన మొదలైన దగ్గర నుంచి 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోట ఔరంగజేబు వశమయ్యే దాకా ఏకబిగిన చెప్పేసే గైడులు మనలో ఎందరో ఉన్నారు. అదే సమయంలో పక్క బృందం చప్పట్లు కొడుతూ ఉంటుంది, అందరి చూపూ పైకప్పు మీదే ఉంటుంది, రాజవంశం కథ ఎవరి చెవికీ ఎక్కదు. అక్కడ చెప్పవలసింది చప్పట్ల గురించి మాత్రమే. ఇక్కడ చేసిన చప్పుడు కొండపైన బారాదరి అనే మండపం దగ్గర ఉన్నవారికి వినిపిస్తుందని, వచ్చినవారి సమాచారం పైకి చేరడానికి అది పనికివచ్చేదని రెండు మూడు వాక్యాల్లో చెప్పి, వాళ్ళ చేతే చప్పట్లు కొట్టించి కదలాలి.

ముట్టడి కథను నేను పైన బారాదరి చేరేదాకా ఎత్తను. అక్కడ నిలబడితే బయటి ప్రాకారం కనిపిస్తుంది, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. ఆ గోడ చుట్టుకొలత సుమారు పది కిలోమీటర్లనీ, దానికి 87 బురుజులు ఉన్నాయనీ కింద చెబితే అది అంకె, పైన చెబితే వాళ్ళే వేలు చాపి బురుజులు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అంత గోడను ఫిరంగులు పడగొట్టలేకపోయాయని, చివరికి లోపలి అధికారి ఒకరు ద్వారం తెరిపించడంతో మొగలు సైన్యం ప్రవేశించిందని అప్పుడు చెబితే ఫోన్లు వాటంతట అవే కిందికి దిగుతాయి. ముందు కంటికి చూపించాలి, ఆ తరువాతే నోరు విప్పాలి. నాకు తెలిసిన మెళకువల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

మెట్లు ఎక్కుతూ మాట్లాడకూడదన్నది రెండో విషయం. పైదాకా మూడు వందల అరవై పైచిలుకు మెట్లు ఉన్నాయి, ఎక్కేవారికి ఊపిరి చాలదు, మన మాట మన ముందున్న ఇద్దరికి తప్ప వినిపించదు. మలుపు దగ్గర నీడ చూసి ఆగి, బృందంలో చివరి మనిషి వచ్చి ఊపిరి తీసుకున్న తరువాతే నోరు తెరవాలి. చివరగా వచ్చేది దాదాపు ఎప్పుడూ పెద్దవాళ్ళే అయి ఉంటారు; వాళ్ళు చేరుకునే సరికి కథ అయిపోయి బృందం కదులుతూ ఉంటే, టికెట్ కొన్నందుకు వాళ్ళకు దక్కింది ఆయాసమే. ఎండ మన ముఖం మీద పడాలి గాని వాళ్ళ కళ్ళలో పడకూడదు.

పాతబస్తీ నడకలు:
మెట్లదారి గారితో ఏకీభవిస్తున్నాను, కాని చార్మినార్ దగ్గర సమస్య వేరు. అక్కడ అంతా కంటి ముందే ఉంటుంది, ఏమీ వినిపించదు. బండ్ల వాళ్ళ కేకలు, లాడ్‌బజార్ రద్దీ, పిల్లల గోల మధ్య కట్టడం కిందే నిలబడి గొంతు చించుకోవడం వృథా. నేను మక్కా మసీదు వైపు కాస్త దూరంగా, నాలుగు మీనార్లూ ఒకే చూపులో పడే చోట ఆపి, చెప్పవలసిందంతా అక్కడే చెప్పి, తరువాత దగ్గరికి తీసుకువెళ్ళి వాళ్ళను వాళ్ళకు వదిలేస్తాను. పైకి వెళ్ళే 149 మెట్లూ ఇరుకైన చుట్టుమెట్లు కాబట్టి అక్కడ జాగ్రత్తలు తప్ప మరేదీ చెప్పను.

అంకెల గురించి ఒక మాట. చార్మినార్ 1591 నాటిదని చెబితే రోడ్డు దాటేలోపు మరిచిపోతారు. అదే కాలానికి హిజ్రీ శకంలో వెయ్యో సంవత్సరం మొదలైందని, ఆ తరుణంలోనే మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరానికి నడిబొడ్డుగా దీనిని కట్టించాడని చెబితే, ఆ వెయ్యి గుర్తుంటుంది, దానితోపాటు కట్టడమూ గుర్తుంటుంది. ఎత్తు సుమారు 56 మీటర్లు అనే బదులు పద్దెనిమిది అంతస్తుల మేడ అంత అంటే గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కుర్రవాడు కూడా తల ఎత్తి మరోసారి చూస్తాడు. విదేశీయులకు చెప్పేటప్పుడు లక్షలు, కోట్లు వాడితే వాళ్ళు లెక్క వేసుకోవడంలో పడి తరువాతి రెండు వాక్యాలు వదిలేస్తారు, కాబట్టి మిలియన్లలోనే చెప్పాలి. కుతుబ్‌షాహీ, అసఫ్‌జాహీ వంటి పేర్లు వాళ్ళ చెవికి కొత్త కనుక ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఆ పేర్లు రాసి పెట్టుకుంటాను, పలికినప్పుడల్లా చూపిస్తాను. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం మెడలో వేసుకునే మైకు కంటే ఎక్కువ.

రెండు భాషల బృందం వచ్చినప్పుడు ఒక వాక్యం తెలుగులో, దాని వెనకే హిందీలో చెప్పడం అందరినీ విసిగిస్తుంది. ఒక ఘట్టం మొత్తం ఒక భాషలో ముగించి, తరువాత రెండో భాషలో చెప్పాలి. మొదటి చోట తెలుగు ముందు వస్తే తరువాతి చోట హిందీ ముందు రావాలి, లేకపోతే ఒక వర్గం రోజంతా ఎదురుచూస్తూనే ఉంటుంది.

కరీంనగర్ సందర్శకుడు:
నేను గైడును కాను, కుటుంబంతో తరచుగా నగరం చూడటానికి వచ్చేవాణ్ణి. వినేవాడి వైపు నుంచి రెండు విషయాలు చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. కంఠస్థం చేసిన ఉపన్యాసం మాకు వెంటనే తెలిసిపోతుంది. మధ్యలో మా అమ్మ ఏదైనా అడిగితే ఆ గైడు జవాబు చెప్పి, తాను ఆగిన చోటు దొరకక, మళ్ళీ మొదటి వాక్యం నుంచి అందుకుంటాడు. రెండోది, రాణుల సంఖ్య మీద, భార్యల మీద వేసే పాత జోకులు. మగవాళ్ళు నవ్వుతారేమో గాని, పక్కన ఆడపిల్లలు ఉన్నప్పుడు నాకు అవి ఇబ్బందిగా ఉంటాయి.

ఇంకొక సంగతి కూడా ఉంది. లాడ్‌బజార్ చేరగానే కొందరి గొంతు మారిపోతుంది, అప్పటిదాకా చరిత్ర చెప్పిన మనిషి హఠాత్తుగా ముత్యాల దుకాణం గొప్పతనం చెబుతాడు. కొనిపించడం తప్పని నేను అనను. కాని ఇక్కడితో చూడవలసినవి అయిపోయాయి, కొనుగోలు మీ ఇష్టం అని ముందే విడిగా చెప్పేస్తే అంతకు ముందు చెప్పిన వాటి మీద కూడా నమ్మకం నిలుస్తుంది.

మ్యూజియం వాలంటీరు:
సాలార్‌జంగ్‌లో మాట కంటే మౌనాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద పని. మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గరకు వెళ్ళగానే, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడని, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడని అప్పగించకండి. ఒక నిమిషం ఊరుకోండి. ఆ ముసుగు బట్ట కాదు, ముఖంతో కలిపి చెక్కిన పాలరాయి అని వాళ్ళలో ఒకరు తమంతట తాము గమనించి పక్కవారికి చెబుతారు, అప్పుడు మీరు అందుకుంటే మిగిలిన వివరాలన్నీ వాళ్ళు అడిగి చెప్పించుకుంటారు. ముందు మెఫిస్టోఫిలిస్, వెనుక మార్గరెటా (ఫౌస్ట్ నాటకంలోని సైతాను, అమాయక యువతి) ఉన్న చెక్క బొమ్మ దగ్గర కూడా అంతే. వెనుక అద్దం ఎందుకు పెట్టారో చూడండి అని మాత్రం అనండి చాలు.

గంటల గడియారం దగ్గర దీనికి తలకిందులు. గంట కొట్టే ముందు జనం కూర్చుని ఎదురు చూస్తుంటారు కనుక ఆ కొద్ది నిమిషాలే మీవి. లోపలి నుంచి చిన్న బొమ్మ బయటకు వచ్చి ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొడుతుందని, పక్కన కమ్మరి బొమ్మ సమ్మెట వేస్తూ ఉంటుందని, ఎటు చూడాలో ముందే చెప్పి ఉంచాలి. గంట మొదలైన తరువాత ఒక్క మాట మాట్లాడినా వెనక వరుస వాళ్ళు ఊరుకోరు, వాళ్ళ కోపం న్యాయమే.

సరిగా వినిపించని వాళ్ళు, చూపు లేని వాళ్ళు బృందంలో ఉంటే కొంచెం ముందుగా తెలుసుకోండి. వినికిడి తక్కువైన వారు మన పెదవులు చూస్తారు, కాబట్టి నడుస్తూ వీపు చూపించి మాట్లాడకూడదు. చూపు లేని వారికి ఇక్కడ, అక్కడ అనే మాటలు పనికిరావు. మీ కుడి చేతి వైపు, తల కంటే రెండడుగుల ఎత్తులో అని చెప్పాలి. నేను గమనించినంతవరకు, వారి కోసం అలా చెప్పడం మొదలుపెట్టిన తరువాత మిగిలిన బృందం కూడా మరింత శ్రద్ధగా చూస్తుంది.

బడి పంతులమ్మ:
పిల్లలకు ప్రశ్న వేయండి గాని పరీక్ష పెట్టకండి. గోల్కొండ ఎవరు కట్టారు అంటే తరగతిలో ముందు వరుస పిల్ల ఒక్కతే చేయి ఎత్తుతుంది. తలుపుకు ఈ ఇనుప మేకులు ఎందుకు కొట్టారంటారు అని అడిగితే వెనక వరుస అల్లరి పిల్లవాడు కూడా ఏదో ఒకటి చెబుతాడు. ఏనుగులు తలతో గుద్దకుండా అన్న జవాబు చివరికి వాళ్ళలో వాళ్ళకే తడుతుంది.

కొత్త గైడు, నారాయణగూడ:
అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. భాగమతి కథ, చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం, కోహినూరు గోల్కొండలో దొరికిందన్న మాట, వీటిని సందర్శకులే ముందుగా ఎత్తుతున్నారు. అబద్ధమని అంటే ముఖం మాడ్చుకుంటారు, నిజమని అంటే నాకు మనసొప్పదు.

పాతబస్తీ నడకలు:
మూడూ ఒకే రకం కాదు, కనుక మూడింటికీ ఒకే గొంతు పనికిరాదు. కోహినూరు విషయంలో సరిదిద్దడం తేలిక, పైగా అసలు సంగతి ఇంకా బాగుంటుంది: వజ్రాల గనులు కృష్ణా తీరాన కొల్లూరు వైపు ఉండేవి, కోహినూరు అక్కడిదే అన్నది బలమైన అభిప్రాయం, గోల్కొండ ఆ వజ్రాల వ్యాపారానికి కేంద్రం కావడం వల్ల పేరు దీనికి వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన బృందానికి ఈ మాట చెప్పి చూడండి, వెంటనే ఎవరో ఒకరు తమ ఊరు ఆ దగ్గరే అంటారు. సొరంగం గురించి జనంలో ఆ మాట ఉందని, ఆ పొడవునా సాగే దారిని ఎవరూ చూపించలేదని చెప్పి వదిలేయాలి. భాగమతి విషయంలో చరిత్రకారులలోనే ఏకాభిప్రాయం లేదు. కొందరు ఆ ప్రేమకథను అంగీకరిస్తారు, కొందరు ఆనాటి ఆధారాలు లేవంటారు. రెండు పక్షాలూ చెప్పి, మీరు ఏ పక్షమో గొంతులో తెలియనివ్వకపోతే, బృందంలో వాళ్ళు వాళ్ళే వాదించుకుంటారు, మీరు నీళ్ళు తాగవచ్చు.

తెలుగు బృందాలకు మరొకటి. సమాధుల దగ్గర గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ పేరు చెప్పి ఊరుకోకుండా, తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారని చెప్పండి. రామదాసు బందీఖానా దగ్గర ఎలాగూ మీరు చెప్పవలసింది తక్కువ. కంచర్ల గోపన్న కథ అందరికీ తెలుసు, ఎవరో ఒక పెద్దావిడ కీర్తన అందుకుంటారు. ఆవిడను పాడనివ్వడం మీ పనిలో భాగమే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర 1908 మూసీ వరద చెప్పేటప్పుడు కూడా మృతుల లెక్కతో మొదలుపెట్టకుండా, ముందు నది ఎటు ఉందో చూపించమని వాళ్ళనే అడగండి. ఆ తరువాత ఈ కొమ్మల మీద సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పండి. వరద తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయన్న మాట అప్పుడు సహజంగా అతుకుతుంది.

గోల్కొండ మెట్లదారి:
గొంతు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. అరవడం వల్ల గొంతు పోతుంది గాని మాట దూరం వెళ్ళదు. వాక్యం చిన్నది చేసి, చివరి పదాన్ని మింగకుండా పలికితే వెనక వరుసకు అందుతుంది. మనలో చాలామందికి వాక్యం చివర గొంతు దించే అలవాటు ఉంది, తెలుగులో క్రియ చివరే వస్తుంది కనుక జరిగిందో జరగలేదో తెలియకుండా పోతుంది. సమాధుల లోపల గుమ్మటం కింద ప్రతి మాటా మారుమోగి తరువాతి మాట మీద పడుతుంది, కాబట్టి చెప్పవలసింది బయట వరండాలోనే చెప్పి లోపలికి మాట్లాడకుండా తీసుకువెళ్ళండి. గొంతు సవరించుకోవడం మానేసి గోరువెచ్చని నీళ్ళు కొంచెం కొంచెం తాగండి. మే నెలలో ఒకే రోజు రెండు బృందాలు ఒప్పుకునేవారు చిన్న మైకు కొనుక్కోవడం మంచిదే, అయితే మసీదు ఆవరణలో దాన్ని ఆపేయండి, నమాజు వేళకు ముందే బృందాన్ని బయటకు తీసుకురండి.