ఇన్‌కాయిస్ చేపల సూచనను జీపీఎస్‌లో ఎక్కించడం ఎలా?

ప్రశ్న: భీమిలి_బోటు

ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే పీఎఫ్‌జడ్ పట్టికలో, అంటే చేపలు దొరికే అవకాశమున్న చోట్ల పట్టికలో, మా రేవు పేరు పక్కన ఇలా ఉందనుకోండి: ఆగ్నేయం, 135, దూరం 25–30, లోతు 60–65, అక్షాంశం 17 42 45, రేఖాంశం 83 38 10. కొత్తగా కొన్న జీపీఎస్ అంకెలను ఇంకోలా అడుగుతోంది. ఎలా కొట్టాలి? సరిగ్గా ఆ చోటికే వెళ్లినా ఒక్కోసారి వల ఖాళీగా వస్తుందంటారు, అదెందుకు?

జవాబు: ఎకో_సౌండర్

అన్నా, పట్టికలో ఉన్నవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. బోటు జీపీఎస్‌లు ఎక్కువగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అడుగుతాయి. సెకన్లను 60తో భాగిస్తే సరి. 45 సెకన్లంటే 0.750, కాబట్టి 17° 42.750 అని కొట్టాలి. 10 సెకన్లంటే 0.167, అంటే 83° 38.167. లెక్క వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్‌నే డిగ్రీలు-నిమిషాలు-సెకన్లకు మార్చుకోండి.

అసలు ప్రమాదం 17.4245 అని డిగ్రీల దశాంశంగా కొట్టడంలో ఉంది. జీపీఎస్ దాన్ని 17° 25.47 నిమిషాలుగా తీసుకుంటుంది. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఆ ఒక్క చుక్కతో 32 కిలోమీటర్లు దక్షిణానికి పోతారు.

దూరం కిలోమీటర్లలో ఉంటుంది, జీపీఎస్ నాటికల్ మైళ్లలో చూపిస్తుంది. 25–30 కిలోమీటర్లంటే 13.5–16.2 మైళ్లే. 25 మైళ్లనుకుని నడిపితే 46 కిలోమీటర్లు. మన దగ్గర ఖండతీరపు అంచు (తీరం పక్కన లోతు తక్కువగా ఉండే పట్టీ) సన్నం, అంత దూరంలో అడుగు ఒక్కసారిగా జారిపోతుంది. డీజిల్ దండగ, వల లోతూ సరిపోదు. లోతు మీటర్లలో ఇస్తారు: 60 మీటర్లంటే దాదాపు 33 బారలు. చేరాక సౌండర్‌లో (లోతు కొలిచే పరికరం) లోతు దీనికి దగ్గరగా లేకపోతే అంకెలు మళ్లీ సరిచూసుకోండి.

జవాబు: నీటివాటం

రెండో ప్రశ్నకు. ఉపగ్రహం చేపను చూడదు. నీటి పైపొర వేడినీ, రంగునీ చూస్తుంది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచున ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) చేరతాయి, వాటి వెనక కవ్వలు, కానాగంతలు, వాటిని తినే పెద్ద చేపలు వస్తాయి. అందుకే మ్యాప్‌లో అది గీతలా కనిపిస్తుంది, పట్టికలోని పాయింటు దాని మీద ఒక గుర్తు మాత్రమే.

ఆ గీత ఒకచోట నిలవదు. ఫిబ్రవరి నుంచి మే వరకు మన తీరం వెంట నీటి వాటం (ప్రవాహం) ఉత్తరానికి, అక్టోబరు–డిసెంబరు నెలల్లో దక్షిణానికి లాగుతుంది. సెకనుకు అర మీటరు వేగమైనా రోజుకు 43 కిలోమీటర్లు. గీత నీటి వేగంతోనే కదలకపోయినా, పాత సూచనను పట్టుకుని వెళ్లడం వృథా. చేరాక గీతకు అడ్డంగా బోటు నడిపి, సౌండర్‌కు ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే అంకె ఎక్కడ మారుతోందో చూడండి. లేకపోతే నురుగు గీతలు, నీటి రంగు మార్పు, పక్షులు చూడండి.

బంగాళాఖాతంలో ఇంకో చిక్కుంది. వానల తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణల మంచినీరు తేలికగా పైన పరుచుకుంటుంది. కింది పోషకాలను పైకి రానివ్వదు, పైపొర వేడిలో తేడాలూ మాసిపోతాయి. ఒమన్ తీరంలో నైరుతి గాలి లోతు నీటిని పైకి తెచ్చినట్టు ఇక్కడ పెద్దగా జరగదు. ఇక గోదావరి మొగ దగ్గర బురద నీటిని ఉపగ్రహం ప్లవకాల పచ్చదనంగా పొరబడవచ్చు. అక్కడి పాయింట్లను నేను అంతగా నమ్మను. మబ్బు కమ్మితే సూచనే రాదు.

జవాబు: రింగువల

వల కూడా చూసుకోండి. ఇది పైనీటి చేపలకు, అంటే రింగువల, తేలే గిల్ నెట్‌లకు బాగా పనికొస్తుంది. అడుగున ఉండే రొయ్యకు పైపొర వేడితో పని తక్కువ, ట్రాల్ (అడుగున ఈడ్చే వల) వేసేవాళ్లు దీని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

భీమిలి_బోటు

పట్టికలోని 135 డిగ్రీల దిక్కు దిక్సూచి చూపే ఉత్తరం నుంచా, నిజమైన ఉత్తరం నుంచా?

ఎకో_సౌండర్

నిజమైన ఉత్తరం నుంచే. మన తీరంలో రెండింటికీ తేడా ఒక డిగ్రీ లోపే, 30 కిలోమీటర్లకు అర కిలోమీటరు దాటదు. ఇనుప సామాను దిక్సూచి పక్కన పెడితే వచ్చే తప్పు అంతకంటే ఎక్కువ. బయల్దేరే ముందు వాళ్ల అలల ఎత్తు, గాలి సూచన కూడా చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి పట్టిక రాదు, జీపీఎస్ చెడిందనుకోకండి.