‘ప్లెథోరా’ అంటే చాలానా, మరీ ఎక్కువా?

పదనిస:
ఉద్యోగ ప్రకటనల్లో, కాలేజీ బ్రోచర్లలో ‘ఎ ప్లెథోరా ఆఫ్ ఆపర్చునిటీస్’ అన్న మాట తరచూ కనబడుతుంది. తెలుగులోకి వచ్చేసరికి అది ‘ఎన్నో అవకాశాలు’ అవుతోంది. నా ఉద్దేశంలో అసలు ఇంగ్లిష్ వాక్యమే తప్పు. ప్లెథోరా అంటే అక్కరకు మించి ఉండటం, అది మెచ్చుకోలు మాట కాదు. పోటీ పరీక్షల పుస్తకాలు అబండెన్స్, ప్లెథోరా, సర్‌ఫిట్, గ్లట్‌లను ఒకే గాటన కట్టి ‘సమృద్ధి’ అని అర్థం రాసేస్తున్నాయి. సమృద్ధి అనదగింది వాటిలో అబండెన్స్ ఒక్కటే.

గోదారిగట్టు:
తప్పు అనేయడం తొందరపాటు, పదనిస గారూ. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు అతి, సమృద్ధి రెండర్థాలూ ఇస్తుంది. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లు కూడా ‘ప్లెథోరా ఆఫ్ ఛాయిసెస్’ అని సంతోషంగానే రాస్తారు. పుట్టుకలో ఉన్న అర్థానికే మాటను కట్టిపడేయలేం కదా.

నాడి:
పుట్టుక మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ప్లెథోరా గ్రీకు నుంచి వచ్చిన వైద్య పదం. మూలార్థం ‘నిండుదనం’, వైద్యంలో మాత్రం ఒంట్లో రక్తం ఎక్కువ కావడం. పాత వైద్యులు దానికి నరం కోసి రక్తం తీసేవారు. ఆ అర్థం ఇంకా బతికే ఉంది. పాలీసైథీమియా వెరా (ఎర్ర రక్తకణాలు అతిగా తయారయ్యే జబ్బు) ఉన్నవారి ముఖం ఎర్రగా కందినట్టుంటే కేస్ షీట్లో ‘ప్లెథోరిక్’ అనే రాస్తాం. ఇప్పటికీ చికిత్సలో ముఖ్యమైనది రక్తం తీయడమే. మామూలుగా ఒక్కో విడతకు 450 నుంచి 500 మిల్లీలీటర్లు తీస్తూ, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 45 శాతం లోపు ఉండేలా చూస్తాం. ఈ మాట మా దగ్గర ఎప్పుడూ మెచ్చుకోలు కాదు. బయట ఏమైందో భాష తెలిసినవారు చెప్పాలి.

మత్తడి:
ప్లెథోరా సంగతి తేలేలోపు సర్‌ప్లస్, ఎక్సెస్‌ల తేడా చూడండి. అనువాదాలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

సర్‌ప్లస్ కావాలంటే ముందు ఒక గీత ఉండాలి. చెరువులో నీళ్లు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండిన మట్టం) దాటగానే మిగిలినవి మత్తడి మీదుగా దుంకుతాయి. ఆంధ్రలో ‘అలుగు పారింది’ అంటారు. ఇంజినీర్లు ఆ కట్టడాన్ని ‘సర్‌ప్లస్ వియర్’ అంటారు. అలుగు పారితే ఊరికి పండగే, నష్టమేమీ లేదు. అలుగు మోయలేనంత వరద వచ్చి కట్ట తెగితే, ఆ నీటిని ఎక్సెస్ అనాలి. 1973 భూసంస్కరణల చట్టంలోనూ ఇదే లెక్క. పరిమితి దాటిన భూమిని ‘మిగులు భూమి’ అన్నారు గానీ ‘అతి భూమి’ అనలేదు. బడ్జెట్‌లో కూడా మిగులే.

గ్లట్‌కు గీత అక్కర్లేదు, ధర పడిపోవాలి. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పోటెత్తి, కోత కూలి కూడా రాక రైతు రోడ్డు మీద పారబోస్తే దాన్ని గ్లట్ అంటారు. ఎన్ని కోట్ల మిగులో చెప్పొచ్చు గానీ, ‘ఇన్ని కోట్ల గ్లట్’ అనలేం. వార్త రాసేటప్పుడు ‘పోటెత్తింది’ అన్న క్రియ వాడితే చాలు, నామవాచకం వెతుక్కోనక్కర్లేదు.

సర్‌ఫిట్ తిన్నవాడికి సంబంధించిన మాట. ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ 1135లో వైద్యుడు వద్దన్నా లాంప్రే చేపలు తిని జబ్బుపడి చనిపోయాడని ఆనాటి చరిత్రకారుడు రాశాడు. ‘సర్‌ఫిట్ ఆఫ్ లాంప్రేస్’ అన్నది ఆ కథతో స్థిరపడిన మాట. దీనికి మనకు అచ్చంగా సరిపోయే మాటే ఉంది: మొహం మొత్తడం. మూడో బూరెకు ఇష్టం పోయి, నాలుగోదాన్ని చూస్తేనే వెగటు పుట్టడం. దీన్ని ‘సమృద్ధి’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది.

గోదారిగట్టు:
గీత మాట ఒప్పుకుంటాను. దానికి ఒక మెలిక ఉంది. ‘ఇన్ ఎక్సెస్ ఆఫ్ 500 పీపుల్’ అంటే 500 మందికి పైగా, అంతే. అతి అన్న తీర్పు అందులో లేదు. దాన్ని ‘అధిక సంఖ్యలో’ అని రాస్తే అంకె పోతుంది, అర్థమూ మారుతుంది. ఇక ఎక్సెస్‌ను యాక్సెస్‌గా పలికితే ‘యాక్సెస్ బ్యాగేజ్’ అవుతుంది. ఎక్సెస్‌లో మొదటి అచ్చు ‘ఎ’, నామవాచకమైతే ఒత్తు మామూలుగా రెండో అక్షరం మీద. యాక్సెస్‌లో ఒత్తు మొదట్లోనే.

థేమ్స్‌తీరం:
రిడండెంట్‌ను కూడా కలపండి. లాటిన్‌లో ‘పొంగి పొర్లడం’ నుంచి వచ్చింది. బ్రిటన్‌లోని తెలుగువాళ్లకు ఆఫీసు నుంచి ‘యువర్ రోల్ ఈజ్ రిడండెంట్’ అని ఉత్తరం వస్తే, నువ్వు పనికిరావని కాదు, ఆ పోస్టే ఎత్తేస్తున్నారని. అదే కంపెనీలో వరసగా 2 ఏళ్లు పూర్తయితే చట్టప్రకారం పరిహారం ఉంటుంది. పనితీరు బాగాలేక తీసేస్తే అది రాదు. కాబట్టి ‘అనవసరం’ అని తర్జుమా చేసుకుని ఊరుకోకూడదు. సర్వర్ల దగ్గర ఇదే మాటకు మంచి అర్థం: ఒకటి ఆగితే ఆదుకోవడానికి కావాలని పెట్టిన రెండోది.

పదనిస:
మత్తడి గారి గీత నాకూ పనికొస్తుంది. నిజానికి గొడవంతా ‘టూ’ దగ్గరే మొదలవుతుంది. వెరీ అంటే చాలా, టూ అంటే మరీ. ‘టీ ఈజ్ టూ హాట్’ అంటే మరీ వేడిగా ఉంది, తాగలేనని. ‘ఫుడ్ వాజ్ టూ గుడ్’ అని మనవాళ్లు మెచ్చుకుంటే, బయటివాళ్లు ఆ వాక్యం ఇంకా పూర్తి కాలేదనుకుంటారు. ‘ఓన్లీ టూ హ్యాపీ’ లాంటి చోట్ల టూ నిజంగానే చాలా అవుతుంది.

ప్లెథోరా మీద సగం వెనక్కి తగ్గుతున్నా. మెచ్చుకోలుగా వాడితే తప్పు అనను, నేను మాత్రం వాడను. అనువాదంలో ఆ వాక్యం సంతోషమో విసుగో ముందు చూడాలి. సంతోషమైతే ‘ఎన్నెన్నో’. విసుగైతే తెలుగులో ‘ఇన్నేసి’ ఉంది. ‘ఒక్క పింఛనుకు ఇన్నేసి ఫారాలా?’ అన్నప్పుడు లెక్క, అతి, చిరాకు మూడూ అందులోనే వచ్చేస్తాయి.

గోదారిగట్టు:
‘ఇన్నేసి’కి నా ఓటు. బ్రోచర్ వాక్యం మీద మాత్రం నా మాట మారదు.