ఉలురు కోచ్ టూర్‌కి పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను జూలైలో మూడు రోజుల గైడెడ్ కోచ్ టూర్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఆస్ట్రేలియా మధ్యలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊళ్లో బయల్దేరి ఉలురు అనే పెద్ద రాతికొండ, కింగ్స్ కాన్యన్ అనే లోతైన లోయ చూపిస్తారు.

ఉలురు ఎక్కడం 2019 అక్టోబరులోనే ఆపేశారు. అక్కడి ఆదివాసీలైన అనంగు ప్రజలకు అది పవిత్రస్థలం, ఎక్కాలన్న ఆలోచన మాకూ లేదు. చుట్టూ ఉన్న 10 కిలోమీటర్ల దారిలో కొంత నడిచినా చాలు.

నా టెన్షన్ అంతా కింగ్స్ కాన్యన్ గురించే. అంచు వెంట 6 కిలోమీటర్ల నడక, మొదట్లోనే నిటారు మెట్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ఇంటి మెట్లే రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతుంది. కింద వాగు పక్కన చిన్న దారి కూడా ఉంది కదా, మిగతావాళ్లు పైకెళ్తే అమ్మా నేనూ అక్కడ నడవడానికి గైడ్ ఒప్పుకుంటారా?

ఆలిస్ నుంచి ఉలురుకి 450 కిలోమీటర్ల దాకా ఉంది. మధ్యలో ఎర్ల్‌డండా లాంటి రోడ్‌హౌస్‌లే (పెట్రోలు, తిండి దొరికే మజిలీలు) గానీ ఊళ్లు లేవు. నాన్నకి షుగర్, గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. బస్సులో టాయిలెట్ లేకపోతే అడిగినచోట ఆపుతారా? ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఐస్ బాక్స్ ఇస్తారా, మనమే తీసుకెళ్లాలా? ఇద్దరూ శాకాహారులు, పులిహోర కట్టుకెళ్తే బస్సులో తిననిస్తారా?

వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి, ఈ వారంలోనే బుక్ చేయాలి.