బాబు ముందు పన్నుకి వేరు పెరిగే వైద్యం ఎవరైనా చేయించారా?

మా బాబుకి ఎనిమిదేళ్లు. రెండు నెలల కిందట సైకిల్ మీంచి పడి, కొత్తగా వచ్చిన పై ముందు పన్ను విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడది బూడిద రంగుకి తిరిగింది, ఐసుముక్క ఆనించినా వాడికి ఏమీ తెలియడం లేదు. లోపలి గుజ్జు చచ్చిపోయిందట, వేరు కొస ఇంకా మూసుకోలేదట. ఎంటీఏ అనే సిమెంటులాంటి పదార్థంతో కొస మూసేద్దామంటున్నారు డాక్టరుగారు. పన్ను నిలుస్తుంది గానీ వేరు గోడలు పలచగానే ఉండిపోతాయన్నారు, అదే నా దిగులు.

చైనాలోని షియాన్ సైనిక వైద్య విశ్వవిద్యాలయంలో పిల్లల పాలపన్ను గుజ్జులోని మూలకణాలతో ఇలాంటి పళ్లకు చికిత్స చేస్తే వేరు పెరిగిందని, స్పర్శ కూడా తిరిగొచ్చిందని 2018లో ప్రచురించారు. మావాడికి పాలపళ్లు ఇంకా ఉన్నాయి! మన డెంటల్ కాలేజీల్లో ఎక్కడైనా ఈ పరిశోధన జరుగుతోందా? పోనీ, వేరులోకి రక్తం రప్పించే రీవాస్క్యులరైజేషన్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిల్లలకు చేయించినవాళ్లున్నారా? ఏడాది తర్వాత ఎక్స్‌రేలో ఏం కనిపించిందో దయచేసి చెప్పండి. వచ్చే వారమే ఏదో ఒకటి తేల్చుకోవాలి.