ఫ్లాప్‌లు ఉండంగ స్లాట్లు మళ్లెందుకు?

హన్మకొండ విద్యార్థి: శంషాబాద్‌ల దిగే ఏ320 విమానాలకు రెక్క వెనుక పలకలు (ఫ్లాప్‌లు) వంగుతయ్, ముందంచు పలకలు (స్లాట్లు) కూడా జరుగుతయ్. ఫ్లాప్‌లే సరిపోవా అన్నా?

కాజీపేట మెకానిక్: సరిపోవు తమ్మీ. ఫ్లాప్ దిగితే రెక్క వంపు, వైశాల్యం పెరిగి, అదే వేగానికి లిఫ్ట్ (పైకి లేపే బలం) ఎక్కువొస్తది. కానీ ముక్కు మరీ ఎత్తితే రెక్క మీది గాలి విడిపోయి స్టాల్ అయితది, అంటే లిఫ్ట్ పడిపోతది. స్లాట్ ఆ హద్దును పెంచుతది. స్లాట్‌కూ రెక్కకూ నడిమి సందులోంచి గాలి ఊదుడే కారణమని చానమంది చెప్తరు. అసలు పని రెక్క ముందంచు మీద పడే విపరీతమైన సక్షన్‌ను (గుంజుడును) తగ్గించుడు. అందుకే గాల్లో ఫ్లాప్ లివర్‌ను మొదటి మెట్టు 1ల పెడితే స్లాట్లే 18 డిగ్రీలు దిగుతయ్, ఫ్లాప్‌లు కదలవు. ఆఖరి మెట్టు ఫుల్‌ల స్లాట్లు 27 డిగ్రీలు.

హన్మకొండ విద్యార్థి: మరి టేకాఫ్‌కు ఫుల్ ఎందుకు పెట్టరు?

కాజీపేట మెకానిక్: డ్రాగ్ (గాలి వెనక్కి గుంజే బలం) బాగా పెరిగి పైకి ఎక్కుడు మందగిస్తది. దిగేటప్పుడు ఆ డ్రాగే కావాలె.

కరీంనగర్ ఇంజనీర్: ఒక రెక్కకే ఫ్లాప్ దిగితే విమానం ఒరుగుతది. అందుకే రెండు రెక్కలకూ ఒకే షాఫ్ట్ వరుస ఉంటది. రెండు రెక్కల నడుమ తేడా పసిగట్టంగనే రెక్క చివరి బ్రేకులు ఆ షాఫ్ట్‌ను పట్టేస్తయ్, గాల్లో మళ్లీ విడువవు. ఇగ ఎక్కువ వేగంతో, పొడుగు రన్‌వే లెక్కేసుకొని దిగాల్సిందే.