సూపు చిక్కబడాలంటే కార్న్‌ఫ్లోరా, పప్పా?

పెదవాల్తేరు పిన్ని
రైతుబజారులోకి అరకు క్యారెట్టు, బీన్సు, పచ్చి బఠాణీ దిగేశాయి. మన విశాఖ చలి మహా అయితే 17, 18 డిగ్రీలు, లంబసింగి వాళ్లు వింటే నవ్వుతారు. అయినా చీకటి పడేసరికి ఇంటింటా సూపు సూపు అని ఒకటే గోల. తగాదా అంతా చిక్కదనం దగ్గరే. కార్న్‌ఫ్లోర్ కలిపితే హోటల్ సూపులా నిగనిగలాడుతుంది. కానీ ఏడున్నరకు పిల్లలు తాగగా మిగిలింది, బీ షిఫ్టు దిగి పదిన్నరకు వచ్చేవాళ్ల కోసం మళ్లీ వేడి చేస్తే నీళ్లు వేరు, ముక్కలు వేరు. పప్పు ఉడికించి కలిపితే "ఇది సూపా, పప్పుచారా?" అని మొహాలు చిట్లిస్తారు. లీటరుకు ఏది ఎంత, ఎప్పుడు వేయాలి, ఎందుకు చెడుతుంది? ఈ మూడూ చెప్పండి. ఆరోగ్య ఉపన్యాసాలు వద్దు బాబూ, అవి వాట్సాప్‌లో కావలసినన్ని వస్తున్నాయి.

సీతమ్మధార గరిటె
నా ఓటు కార్న్‌ఫ్లోర్‌కే. దాన్ని తిట్టేవాళ్లలో చాలామంది వాడే పద్ధతే తప్పు. ముందు సరుకు చూసుకోండి. కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న నుంచి తీసిన తెల్లటి గంజిపొడి. పసుపుపచ్చటి మొక్కజొన్న పిండి వేరు, అది వేస్తే సూపు నాలుక మీద గరగరలాడుతుంది.

లీటరు సూపుకు చదునుగా 2 టేబుల్ స్పూన్లు, అంటే సుమారు 16 గ్రాములు. పావు కప్పు చన్నీళ్లలో కలపాలి. పోసే ముందు మళ్లీ ఒకసారి కలపాలి, రెండు నిమిషాల్లోనే అడుగున పేరుకుంటుంది కాబట్టి. సూపు మరుగుతుండగా మంట తగ్గించి ఒక చేత్తో సన్నధారగా పోస్తూ ఇంకో చేత్తో తిప్పాలి. పాలలా ఉన్నది తేటపడి మెరుపు వచ్చాక ఇంకొక్క నిమిషం ఉంచి దించేయాలి. అదే పనిగా మరిగిస్తూ తిప్పుతూ ఉంటే ఉబ్బిన గంజి రేణువులు పగిలిపోయి సూపు తిరిగి పలచబడుతుంది. నిమ్మరసం, వెనిగర్ దించాకే పిండాలి. పులుపుతో కలిసి మరిగితే గంజి ఇంకా త్వరగా విరుగుతుంది.

పొడిపిండిని నేరుగా కుమ్మరించే మహానుభావులు కూడా ఉన్నారు. ఉండ పైపొర వేడికి బిగుసుకుని లోపలి పిండిని తడవనివ్వదు. ఆ తర్వాత ఎంత చిలికినా ఆ ఉండ కరగదు, వడకట్టుకోవడమే.

ఉప్పూకారం
గరిటె గారూ, హోటల్లో గిన్నె పొయ్యి దిగగానే బల్ల మీదకి వస్తుంది. ఇంట్లో అలా కుదరదు. పిన్నిగారు అడిగింది రెండు విడతల్లో తాగే సూపు. దానికి పప్పే సరి.

లీటరు నీళ్లకు పెసరపప్పు 50 గ్రాములు, అంటే పావు కప్పు కంటే కాస్త తక్కువ. క్యారెట్టు 100 గ్రాములు, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. పప్పు కడిగి అరగంట నానబెట్టండి. కుక్కర్ అడుగున ఒక చెంచా వెన్నలో ఉల్లి, వెల్లుల్లి అంచులు ఎర్రబడేదాకా వేయించి, క్యారెట్టు, పప్పు, బిరియానీ ఆకు, నీళ్లు వేసి మూత పెట్టండి. ఆవిరి పట్టాక సన్నమంట మీద 8 నిమిషాలు. ఆకు తీసేసి పప్పుగుత్తితో మెదిపితే ముతక సూపు, మిక్సీ పట్టి వడకడితే హోటల్ నునుపు. ఉప్పు, మిరియాల పొడి చివర్లో.

ఇక "పప్పుచారు" అన్న మాట పడకుండా ఉండాలంటే పసుపు వేయకండి, ఆవాల తాలింపు పెట్టకండి, ఇంగువ డబ్బా ముట్టుకోకండి. పప్పుచారుకు ఆ రుచి పప్పు వల్ల వచ్చేది సగమే, మిగతా సగం ఈ మూడింటిదీ చింతపండుదీ. మైసూరు పప్పు అయితే వాసన ఇంకా తక్కువ, నానబెట్టే పని కూడా లేదు. టమాటా కావాలంటే పప్పు మెత్తబడ్డాకే వేయండి. పులుపు ముందే పడితే పప్పు పలుకు విడవడానికి ఆలస్యం అవుతుంది. బోరు నీళ్లతోనూ అదే తంతు, పాత కందిపప్పు అయితే మరీ మొండికేస్తుంది.

మళ్లీ వేడి చేసేటప్పుడు కార్న్‌ఫ్లోర్‌కు సరిగ్గా ఎదురు. పప్పు సూపు నిలవుంటే బిగుస్తుంది. అర లీటరుకు 100 మిల్లీలీటర్ల వేణ్నీళ్లు పోసి, మందపాటి గిన్నెలో అడుగు కలుపుతూ కాచండి. పలచటి స్టీలు గిన్నె అయితే అడుగంటడం ఖాయం.

చోడిపిండి
ఏటండీ మీ గొడవ, మన ఏజెన్సీలో పండే చోడి ఏమైపోయింది? బయటివాళ్లు రాగులంటారు. లీటరుకు రెండున్నర టేబుల్ స్పూన్ల చోడిపిండి, కప్పు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరిగే సూపులో పోసి, సన్నమంట మీద 8 నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. కార్న్‌ఫ్లోర్‌లా ఒక్క నిమిషానికి దించేస్తే పచ్చివాసన పోదు, అందరూ చేసే తప్పు ఇదే. రంగు మట్టిరంగు, కాబట్టి టమాటా సూపుకు, స్వీట్‌కార్న్ సూపుకు వాడకండి, చూడ్డానికి బాగోదు. పుట్టగొడుగులు, మునగాకు, మటను ఎముకల సూపులకు మాత్రం దీన్ని మించింది లేదు. చల్లారితే అంబలిలా గడ్డకడుతుంది, వేణ్నీళ్లు పోసి చిలికితే మామూలుగా అయిపోద్ది.

కంచరపాలెం కుక్కర్
ముగ్గురూ పొడులూ పప్పుల దగ్గరే ఆగిపోయారు. మాంసం సూపుకు అసలు చిక్కదనం ఎముకల నుంచి రావాలి. కీళ్లలో, కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీల్లో ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తు ఉడికి జెలటిన్‌గా మారితే పెదవులు అంటుకునే ఆ జిగురు వస్తుంది. కార్న్‌ఫ్లోర్ దానికి నకలు మాత్రమే.

మేక కాళ్లు, మోకీళ్ల ఎముకలు కలిపి అర కిలో, నీళ్లు లీటరున్నర. ముందు చన్నీళ్లలో వేసి ఒక పొంగు రానిచ్చి, పైకి తేలిన మడ్డి నీళ్లు పారబోసి ఎముకలు కడగండి. కొత్త నీళ్లు, అల్లం ముక్క, మిరియాలు 10, దాల్చిన చెక్క చిన్నది. కుక్కర్‌లో మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. పప్పు పడేదైతే సగమే, నురగ వెళ్లి విజిల్ గొట్టంలో ఇరుక్కుంటుంది.

"ఎన్ని విజిల్స్?" అని మాత్రం అడగొద్దు. పెద్ద మంట మీద 10 విజిల్స్ పావుగంటలో వచ్చేస్తాయి, సన్నమంట మీద గంటకు మూడూ రావు. గడియారం చూడండి. మొదటి విజిల్ దాకా పెద్ద మంట, తర్వాత సన్నమంట మీద 45 నిమిషాలు. లోపల వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది గనక, మామూలు గిన్నెలో మూడు, నాలుగు గంటలు పట్టే పని అంతలో అవుతుంది. ఆవిరి దానంతట అదే దిగాలి. విజిల్ ఎత్తేసి ఆవిరి వదిలితే లోపలి నీళ్లు ఒక్కసారిగా కుతకుతలాడి, కొవ్వూ మడ్డీ కలిసిపోయి సూపు సున్నపు నీళ్లలా మారుతుంది. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టింది పొద్దున్న జున్నులా వణికితే సరిగ్గా కుదిరినట్టు. వణకలేదంటే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా కీళ్లు లేని ఎముకలు పడ్డాయి. కోడి ఎముకలకు అరగంట చాలు.

ఉప్పు ముందే వేస్తే ఇగిరాక ఉప్పుకషాయం తాగాలి.

సీతమ్మధార గరిటె
ఎముకల సూపు సంగతి ఒప్పుకుంటాను. కానీ పప్పువర్గానికి రెండు ప్రశ్నలు. టమాటా సూపులో పాలు పోస్తే విరిగిపోకుండా ఆపేది ఏది? కార్న్‌ఫ్లోరే. కప్పు పాలలో ఒక టీ స్పూన్ కలిపి విడిగా కాచి చిక్కబడ్డాక, టమాటా గుజ్జును అందులోకి కొంచెం కొంచెంగా పోయాలి, పాలను గుజ్జులోకి కాదు. పోశాక మరగనివ్వకూడదు. రెండోది, తేటగా ఉండాల్సిన వెజిటబుల్ సూపులో, స్వీట్‌కార్న్ సూపులో పప్పు ఎలా వేస్తారు?

పైగా రాత్రికి నీళ్లయిపోవడం అంతా కార్న్‌ఫ్లోర్ నేరం కాదు. ఎంగిలి గరిటె ముంచితే లాలాజలం గంజిని కరిగించేస్తుంది.

ఉప్పూకారం
పాల విషయంలో మీరే గెలిచారు, పప్పు ఆ పని చేయలేదు.

ఎంగిలి మాట మాత్రం సగమే నిజం. లాలాజలంలో గంజిని విరిచే ఎంజైము మరుగుతున్న సూపులో పడితే వేడికి అక్కడే చచ్చిపోతుంది. ప్రమాదమల్లా పిల్లలు తాగి వదిలేసిన గిన్నెలోది, గోరువెచ్చగా ఉన్నప్పుడు, తిరిగి పెద్ద గిన్నెలో పోయడం. పది నిమిషాల్లో పలచబడిపోతుంది. మన పెద్దవాళ్లు ఎంగిలి కలపొద్దనేది ఇందుకని కాకపోవచ్చు గానీ, సూపు విషయంలో బాగానే అక్కరకొచ్చింది.

పెదవాల్తేరు పిన్ని
సరే, కార్న్‌ఫ్లోర్ కలపకుండా రసం మొత్తం ఒకేసారి కాచి, ఎప్పటి వాటా అప్పుడు చిక్కబరిస్తే?

సీతమ్మధార గరిటె
అదే చేయాలి. ఒక్కొక్క గిన్నెకు 250 మిల్లీలీటర్లు అనుకుంటే అర టేబుల్ స్పూన్. పొడి ఎప్పటికప్పుడు చన్నీళ్లలో కలుపుకోండి.

చోడిపిండి
మధ్యలో ఆ మూడు గంటలూ సూపు ఎక్కడుంటది? పొయ్యి మీదే మూతేసి వదిలేస్తే చలికాలమైనా మన సముద్రపు గాలికి పాడైపోద్ది. అసలు తెలుసుకోవాల్సింది ఇది.

కంచరపాలెం కుక్కర్
సరైన ప్రశ్న. గోరువెచ్చగా గంటల తరబడి ఉండడమే చెడ్డది, ఎముకల రసం మరీ త్వరగా చెడుతుంది. రెండే దార్లు. ఒకటి, వేడిగానే ఉంచడం. హాట్‌కేసులో మరిగే నీళ్లు పోసి 5 నిమిషాలు ఉంచి పారబోసి, కుతకుతలాడే సూపు నిండుగా పోసి మూత బిగించండి. సగం నింపితే వేడి నిలవదు, పదిన్నరకు తెరిచినప్పుడు చెయ్యి కాలేంత వేడి లేకపోతే అది పనికిరాని హాట్‌కేసు. రెండోది, త్వరగా చల్లార్చడం. వెడల్పు గిన్నెలోకి వంచి, చన్నీళ్ల బేసిన్‌లో పెట్టి కలుపుతూ చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి. తర్వాత తాగేంత మాత్రమే తీసి ఒక పొంగు రానివ్వాలి.

మిక్సీ పట్టేవాళ్లకు ఒక మాట. వేడి సూపు జారులో సగానికి మించి పోయొద్దు, పావుగంట చల్లారాకే తిప్పండి. ఆవిరి మూతను ఎగరగొట్టిందంటే సూపు గోడ మీదకైనా వస్తుంది, మొహం మీదకైనా వస్తుంది. బంగాళాదుంప వేసిన సూపును మిక్సీ పట్టనే వద్దు, బంకలా సాగుతుంది. లీటరుకు ఒక చిన్న దుంప, పప్పుగుత్తితో మెదిపితే చాలు.

ఉప్పూకారం
రాజ్మాతో చిక్కబరిచేవాళ్లూ ఉంటారు కాబట్టి చెబుతున్నా. చింతపల్లి రాజ్మా 100 గ్రాములు లీటరుకు సరిపోతుంది, ఉడికినదాంట్లో మూడో వంతు మెదిపి కలిపితే బ్రహ్మాండంగా వస్తుంది. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి, కుక్కర్‌లో సన్నమంట మీద అరగంట ఉడకాలి. ఎలక్ట్రిక్ స్లో కుక్కర్‌లో పచ్చిది నేరుగా పడేయకండి. పచ్చి రాజ్మాలో ఉండే విషపదార్థం పోవాలంటే కనీసం 10 నిమిషాలు గట్టిగా మరగాలి, ఆ సన్న వేడికి అది చావదు, వాంతులు పట్టుకుంటాయి.

పెదవాల్తేరు పిన్ని
ఇక ఆఖరిది. హార్బరు నుంచి రొయ్యలు తెస్తే తలలూ పెంకులూ గిన్నెడు మిగులుతాయి. వాటి రసానికి ఏది కలపాలి?

సీతమ్మధార గరిటె
కార్న్‌ఫ్లోరే.

కంచరపాలెం కుక్కర్
పెంకుల్లో జెలటిన్ ఉండదు, కాబట్టి ఏదో ఒకటి కలపాల్సిందే. తలలు, పెంకులు పావు కిలో. నూనెలో 5 నిమిషాలు ఎర్రబడేదాకా గరిటెతో నొక్కుతూ వేయించండి, ఎరుపూ రుచీ అప్పుడే నూనెలోకి దిగుతాయి. లీటరు నీళ్లు పోసి సన్నమంట మీద 20 నిమిషాలు, అంతే. ఎక్కువ ఉడికితే చేదు వస్తుంది, కుక్కర్ వద్దే వద్దు. వంజరం తలకాయ అయినా ఇదే లెక్క. వడకట్టాక 2 టేబుల్ స్పూన్ల బియ్యం ఆ రసంలోనే మెత్తగా ఉడికించి, చల్లార్చి మిక్సీ పట్టి మళ్లీ ఒక పొంగు రానివ్వండి. బియ్యానికి సొంత వాసన లేదు. పప్పు వేశారో, రొయ్య వాసన చచ్చిపోతుంది.

ఉప్పూకారం
రొయ్యల్లో పప్పు వేయమని నేను ఎక్కడ అన్నానండీ!