‘దానంతట అదే’ పాడిందా, ‘తనంతట తానే’ పాడిందా?

మన సమూహంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న చూడటానికి చిన్నదే. 2021లో ప్రసారమైన జపాన్ యానిమేషన్ ధారావాహిక ‘వివీ: ఫ్లోరైట్ ఐస్ సాంగ్’ కథను తెలుగులో రాయబూనినప్పుడు, కథానాయిక మరమనిషి గనుక మొదట ‘అది’ అని మొదలుపెట్టి, మనిషితనం వచ్చే కొద్దీ ‘ఆమె’ అని మార్చవచ్చునా, మారిస్తే ఏ భాగంలో మార్చాలి అన్నది ఆవిడ సందేహం. వచ్చిన జవాబులన్నీ సర్వనామం చుట్టూనే తిరిగాయి. నా దృష్టిలో ఈ మార్పును చూపవలసిన చోటు సర్వనామం కాదు, క్రియాపదం అసలే కాదు.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. వివీ ఒక వినోద ఉద్యానంలో పాడటానికి తయారైన కృత్రిమ మేధ. ఆ లోకంలో ప్రతి యంత్రానికీ ఒకే ఒక్క కర్తవ్యం ఉంటుంది. పాటతో అందరినీ సంతోషపెట్టడం ఆమెది. 2061లో, నూరేళ్ల తరువాతి కాలం నుండి మత్సుమోతో అనే మరొక కృత్రిమ మేధ వచ్చి, యంత్రాలకూ మనుషులకూ మధ్య జరగబోయే యుద్ధాన్ని ఆపడానికి తోడు రమ్మంటుంది. పదమూడు భాగాల పొడవునా వివీని వెంటాడేది మాత్రం యుద్ధం కన్నా ఒక మాట: ‘మనసు పెట్టి పాడటం’ అంటే ఏమిటి? జపనీయుల నుడికారం మన నుడికారానికి ఇంత దగ్గరగా రావడం అరుదు. మనం కూడా మనసును ఒక వస్తువులాగే పెడతాం, ఇస్తాం, పారేసుకుంటాం. ఆజ్ఞను అక్షరాలా పాటించే యంత్రానికి ‘మనసు పెట్టు’ అని చెబితే, ఏది తెచ్చి ఎక్కడ పెట్టాలని అడగడం న్యాయమే.

ఇక వ్యాకరణానికి వద్దాం. ‘అది పాడింది’, ‘ఆమె పాడింది’ అన్న రెండు వాక్యాల్లో క్రియ ఒక్కటే. అది యాదృచ్ఛికం కాదు. ‘పాడింది’ అన్నది ‘పాడినది’ నుండి, ‘పాడినది’ అన్నది ‘పాడిన’ పక్కన ‘అది’ చేరడం వల్ల వచ్చిన రూపం. ‘పాడినాడు’లో ‘వాడు’ ఉన్నట్టే ‘పాడింది’లో ‘అది’ ఉంది. అంటే కథకుడు ఎంత గౌరవంగా ‘ఆమె’ అని వాక్యం మొదలుపెట్టినా, చివరికి వచ్చేసరికి తెలుగు క్రియ గుట్టుగా ‘అది’ అనే అంటుంది. కన్నడంలో ‘బందళు’, ‘బంతు’ అనీ, తమిళంలో ‘వందాళ్’, ‘వందదు’ అనీ స్త్రీకీ వస్తువుకీ వేరు వేరు క్రియారూపాలు ఉన్నాయి గనుక, వివీ ఏ వాక్యంలో వస్తువుల వరుస దాటిందో అక్కడి అనువాదకులు క్రియతోనే చూపగలరు. మనకు ఆ వెసులుబాటు లేదు.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ సంగతిని మొగమాటం లేకుండా చెప్పాడు: స్త్రీలు, తిర్యక్కులు (పశుపక్ష్యాదులు), జడాలు కానివే మహత్తులు, మిగిలినవి అమహత్తులు. ఈ సూత్రం చదివినప్పుడల్లా స్త్రీని పశువులతో, రాళ్లతో కలిపి కూర్చోబెట్టారని నొచ్చుకునేవారు ఉన్నారు. నొచ్చుకోవడంలో తప్పు లేదు గానీ, సూరి కనిపెట్టి పెట్టిన ఏర్పాటు కాదది, భాషలో ఉన్నదాన్ని నమోదు చేశాడు. ఆ ఏర్పాటులోనే ఒక తలుపు కూడా ఉంది. స్త్రీవాచకాలు ఏకవచనంలో జడాల పక్కన నిలబడినా, బహువచనంలో మనుషుల వైపు వచ్చేస్తాయి. ‘గడియారాలు ఆగాయి’ అంటాం, ‘అమ్మాయిలు ఆగారు’ అంటాం. రెండు బొమ్మలు, ఇద్దరు అమ్మాయిలు.

ఈ ధారావాహికలో దీనికి చక్కని పరీక్ష ఉంది. అంతరిక్షంలోని ఒక హోటల్లో వివీకి చెల్లెళ్ల వరుస అయిన ఎస్టెల్లా, ఎలిజబెత్ అనే కవల యంత్రాలు ఎదురవుతాయి. ‘ఎదురవుతాయి’ అని రాసి ఆగిపోయాను చూడండి. కవలలు అన్నాక ‘ఎదురవుతారు’ అనే చెయ్యి రాస్తుంది. ఆ ఘట్టాన్ని మా అమ్మాయికి చెబుతూ నేను ‘ఆ రెండూ’ అంటే, పదేళ్ల పిల్ల ‘వాళ్లిద్దరూ’ అని దిద్దింది. ఒంటరిగా ఉన్నంతసేపూ తెలుగు ఒప్పుకోని మనిషితనాన్ని, పక్కన ఇంకొకరు చేరగానే ఒప్పుకుంటుంది.

‘అది’ అంటే వస్తువు, ‘ఆమె’ అంటే మనిషి అన్న విభజన కూడా మన ఇళ్లలో నిలవదు. తల్లి కూతురి గురించి ‘అది ఇంకా లేవలేదు’ అన్నప్పుడు కూతుర్ని వస్తువుగా చూడటం లేదు. ఆ ‘అది’లో ఉన్న చనువు ‘ఆమె’లో రాదు. అదే మాట పరాయివాడు అంటే తిట్టు అవుతుంది. అందుచేత ఈ యంత్రానికి ‘వివీ’ అన్న ముద్దుపేరు పెట్టిన చిన్నపిల్ల మొమోకా నోట ‘అది’ వచ్చినా, యంత్రాలంటే గిట్టని వాడి నోట ‘అది’ వచ్చినా పదం ఒకటే, దూరం మాత్రం వేరు. సర్వనామాన్ని ఒక భాగంలో గీత గీసి మార్చితే ఈ తేడాలన్నీ చదునైపోతాయి. వివీ స్వయంగా మాట్లాడే చోట్ల అసలు చిక్కే లేదు. ‘నేను పాడాను’ అన్నప్పుడు ఆడా మగా, మనిషీ మరా అన్న భేదమే కనబడదు.

మరి మార్పును ఎక్కడ చూపాలి? ఈ చర్చకు శీర్షికగా పెట్టిన రెండు మాటల మధ్య చూపాలని నా అభిప్రాయం. తలుపు ‘దానంతట అదే’ తెరుచుకుంటుంది. గాయం ‘దానంతట అదే’ మానుతుంది. పిల్లవాడు మాత్రం ‘తనంతట తానే’ లేచి చదువుకుంటాడు. మొదటిదానిలో ఎవరి చెయ్యీ పడలేదన్న అర్థమే ఉంది. రెండోదానిలో ఎవరూ చెప్పకపోయినా తనకే తోచిందన్న అర్థం ఉంది. కుక్క విషయంలో మనం రెండూ వాడతాం. ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన కుక్కను ‘దానంతట అదే వచ్చింది’ అనేవారూ ఉన్నారు, ‘తనంతట తానే వచ్చింది’ అనేవారూ ఉన్నారు, ఆ కుక్క ఎవరిదన్నదాన్ని బట్టి. మరమనిషి నిలబడవలసిన చోటు సరిగ్గా ఆ సరిహద్దే.

కథ మొదట్లో వివీ వేదిక మీద పాడేది తనకు అప్పగించిన పని గనుక. అక్కడ ‘దానంతట అదే పాడుతుంది’ అని, సంగీతపు పెట్టె గురించి చెప్పినట్టు, నిశ్చింతగా రాయవచ్చు. తరువాత ఆమె పాడలేని స్థితిలో మ్యూజియంలో ప్రదర్శనగా కూర్చుని, ఏళ్ల తరబడి ఒక పాట కట్టడానికి ప్రయత్నిస్తుంది. పాడటానికి తయారైన యంత్రానికి పాట కట్టడం అప్పగించిన పని కాదు. ఆ ఒక్క వాక్యంలో ‘తనంతట తానే పాట కట్టింది’ అని రాస్తే, అంతవరకూ ‘అది’ అన్నా ‘ఆమె’ అన్నా పాఠకుడికి విషయం అందుతుంది. క్రియలో దాగిన ‘అది’ అక్కడే ఉంటుంది, ఎవరికీ అడ్డు రాదు.

మనకు మాట్లాడే బొమ్మలు కొత్త కాదన్నది కూడా ఇక్కడ గుర్తు చేయాలి. కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో భోజరాజును సింహాసనం ఎక్కనివ్వకుండా ముప్పై రెండు సాలభంజికలు కథలు చెబుతాయి. గ్రాంథిక భాషలోని ‘పలికెను’ రూపానికి ఈ ఇబ్బంది లేదు: రాజు పలికెను, రాణి పలికెను, బొమ్మ పలికెను, అన్నింటికీ ఒకే రూపం. పురుషుణ్ణి ఒక పక్కకు తీసి, స్త్రీనీ బొమ్మనూ ఒక గాటన కట్టేవి మనం ఇప్పుడు రాసే ‘పలికాడు’, ‘పలికింది’ వంటి రూపాలు.

పై భాగం రాశాక వచ్చిన రెండు అభ్యంతరాలకు జవాబు.

‘భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది’ అని బడిలో చదువుకున్నాం గదా, జడానికి ‘తాను’ చెల్లలేదా అని ఒకరు అడిగారు. చెల్లింది. అక్కడ ‘తన చుట్టూ’ అన్నది తిరుగుడు దేని చుట్టూనో చెబుతోంది, అంతే. ‘అంతట’ చేరినప్పుడే పూనిక వస్తుంది. భూమి తనంతట తానే తిరుగుతోందని ఏ ఉపాధ్యాయుడైనా చెబితే, వెనక బెంచీ పిల్లలు భూమికి ఎప్పుడు బుద్ధి పుట్టిందని అడుగుతారు.

గౌరవ బహువచనం వాడి ‘ఆవిడ పాడారు’ అంటే క్రియ మారిపోతుంది గదా అని రెండో అభ్యంతరం. నిజమే, తలుపు ఆ వైపు నుండి కూడా తెరుచుకుంటుంది. కానీ అది మనిషితనానికి గుర్తు కాదు, మర్యాదకు గుర్తు. ఆలస్యమైన బస్సును ‘బస్సుగారు ఇప్పటికి వేంచేశారు’ అని వెక్కిరించేటప్పుడు కూడా మనం ఆ రూపమే వాడతాం.

చివరిగా ఒక మాట. మత్సుమోతోది మనిషి రూపం కాదు. మొదట ఒక ఎలుగుబంటి బొమ్మలో దూరి మాట్లాడుతుంది, తరువాత ఘనాకారపు పెట్టెలా గాలిలో తిరుగుతుంది. మనిషి రూపంలో ఉన్న వివీ గురించి ఇన్ని సందేహాలు పడ్డాం గానీ, ఈ పెట్టె గురించి ఒక్కరూ అడగలేదు. గొంతు మగగొంతు గనుక, ఈ చర్చలో నేను తప్ప అందరూ, ప్రశ్న అడిగిన సభ్యురాలితో సహా, ‘మత్సుమోతో వచ్చాడు’ అనే రాశారు.